నాయన బతికుండగా ఇచ్చిన ఎకరా లెక్కలోకి రాదా?



పైన పెట్టిన వీడియో 2024 ఏప్రిల్‌లో తీసింది. కోత అయిపోయిన కయ్యలో పారతో ఒక పెళ్ళ తిరగేస్తే నాలుగైదు వానపాములు బయటపడతాయి, చూడండి. మట్టి చేతిలో పొడిపొడిగా రాలుతుంది. సముద్రానికి ఇంత దగ్గర్లో, ఎండాకాలం వస్తే చౌడు తెల్లగా పైకి తేలే నేలలో అది చిన్న విషయం కాదు. చూసినవాళ్ళు చాలామంది ఫోన్ చేసి "అన్నా, ఏమేశారు? ఎన్నేళ్ళు పట్టింది?" అని అడిగారు. వాళ్ళకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ మూడెకరాలు ఇప్పుడు నా చేతిలో లేవు. వీడియో తీసిన నెలన్నరకే అక్కడ రొయ్యల గుంట తవ్వారు.

ఈసారి జీవామృతం గురించి కాదు, కాగితాల గురించి మాట్లాడదాం. కొత్తగా సేద్యంలోకి వచ్చినవాడికి, కౌలుకు చేసేవాడికి ప్రభుత్వ సాయం ఎందుకు అందడం లేదో, అందకపోతే మట్టికి ఏమవుతుందో నాకు జరిగింది జరిగినట్టు చెప్తాను. నా అభిప్రాయం కూడా చెప్తాను. ఒప్పుకోనివాళ్ళు ఒప్పుకోనక్కర్లేదు.

మాది నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట వైపు. చెన్నైలో ఒక కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాను. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, ఊరికొచ్చాను, మళ్ళీ పోలేదు. అప్పుడు నాకు 31 ఏళ్ళు. మా నాయనకు రెండెకరాలుంది. ఇద్దరం కలిసి దాని మీద బతకలేం కాబట్టి, పక్కనే ఒక పెద్దాయన దగ్గర మూడెకరాలు కౌలుకు పట్టాను. ఎకరాకు పుట్టి ధాన్యం కౌలు. బయటి జిల్లాల వాళ్ళ కోసం చెప్తున్నా, మా నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు.

మొదటి ఏడాది దుక్కికి ముందు పిల్లిపెసర, జీలుగ, జనుము చల్లి కలియదున్నాను. ఘన జీవామృతం వేశాను. పదిహేను రోజులకోసారి ద్రవ జీవామృతం పారించాను. పక్క కయ్యల్లో మూడున్నర పుట్లు పండితే నాకు రెండుంబావు వచ్చింది. ఎకరాకు పుట్టింబావు తక్కువ. మూడెకరాలకు కలిపితే 32 క్వింటాళ్ళ దాకా తేడా. ఆ ఏడు మామూలు రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1868 రూపాయలు. ఆ లెక్కన దగ్గర దగ్గర 60 వేలు. ఎరువులకు, మందులకు పెట్టని డబ్బు తీసేసినా మిగిలిన దెబ్బ గట్టిదే. ప్రకృతి సేద్యంలో మొదటి ఏడాది ఇట్లా ఉంటుందని మనందరికీ తెలుసు. రెండో ఏడాది కొంచెం, మూడో ఏడాది ఇంకొంచెం లేస్తుంది. నాకు నాలుగో ఏడాది మూడుంబావు వచ్చింది. అంటే ఆ మొదటి మూడేళ్ళే గండం. అది దాటినవాడు నిలబడతాడు, దాటలేనివాడు మళ్ళీ యూరియా కట్ట ఎత్తుకుంటాడు, లేకపోతే చెన్నై బస్సెక్కుతాడు.

సాయం కావలసింది సరిగ్గా ఆ మూడేళ్ళలోనే. మన పథకాల నిబంధనలు చూస్తే ఆ మూడేళ్ళలోనే తలుపు మూసినట్టుంటాయి.

2020లో అడిగితే రెండు కారణాలు చెప్పారు. ఒకటి, నా పేరున భూమి లేదు. రెండు, అంతకుముందు ఏడాది జీతం మీద ఆదాయపు పన్ను కట్టాను. పీఎం కిసాన్‌లో గత అసెస్‌మెంట్ సంవత్సరంలో పన్ను కట్టినవాళ్ళకు రాదు. పెద్ద పెద్ద ఉద్యోగస్తులకు రైతు సాయం పోకూడదని పెట్టిన నియమం అది. మంచి నియమమే, నేను కాదనను. కానీ ఉద్యోగం వదిలేసి వచ్చినవాడికి జీతం ఆగిపోయింది, పంట ఇంకా రాలేదు. వాడి చేతిలో చిల్లిగవ్వ లేని ఏడాదే, పోయిన ఏడాది లెక్క ప్రకారం వాడు ధనవంతుడు.

2022లో మా నాయన "నీ పేరున ఒక ఎకరా ఉంటే నీక్కూడా ఏదో వస్తుంది కదా" అని తన రెండెకరాల్లో ఒక ఎకరా నాకు రాసిచ్చాడు. రిజిస్ట్రేషన్ అయింది, పాసుపుస్తకం వచ్చింది. తీసుకుని పోతే మూడో కారణం చెప్పారు. పీఎం కిసాన్‌కు తేదీ ఉంది. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్ళే అర్హులు. ఆ తర్వాత చేతులు మారితే ఐదేళ్ళ దాకా లెక్కలోకి రాదు. ఒక్కదానికే మినహాయింపు. యజమాని చనిపోయి వారసులకు భూమి వస్తే ఇస్తారు.

ఇంటికొచ్చి ఈ మాట చెప్తే మా నాయన పడీ పడీ నవ్వాడు. "అయితే నేను పోతేగానీ నీకు ఆ రెండు వేలు రావంటనా?" అన్నాడు. మా అమ్మ మాత్రం నవ్వలేదు.

ఈ తేదీ ఎందుకు పెట్టారో అర్థం చేసుకోగలను. తేదీ లేకపోతే పథకం ప్రకటించిన మర్నాడే ఐదెకరాల ఆసామి భార్యకో ఎకరా, పిల్లకాయలకో ఎకరా రాసి ఇంట్లో నలుగురి పేరున తీసుకుంటాడు. దొంగను పట్టుకోవడానికి వేసిన వల అది. కానీ ఆ వలలో పడింది ఎవరు? కొత్తగా పొలం కొనుక్కున్నవాడు, తండ్రి దగ్గర పొలం అందుకున్న కొడుకు, పుట్టింటి వాళ్ళు ఎకరా రాసిచ్చిన ఆడబిడ్డ. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అందరూ. ఐదేళ్ళు ఆగమంటే, వాళ్ళకు ప్రాణంతో సమానమైన ఐదేళ్ళు అవే.

సరే, కేంద్రం సంగతి అట్లుంది, రాష్ట్రం సంగతి చూద్దాం. వైఎస్సార్ రైతు భరోసాను 2019 అక్టోబర్ 15న మొదలుపెట్టింది మన నెల్లూరు దగ్గర కాకుటూరులోనే. ఏడాదికి 13,500. అందులో 6 వేలు పీఎం కిసాన్‌వే. భూమి లేని కౌలు రైతుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల వాళ్ళకు మాత్రం ఇచ్చారు. ఇప్పుడు అన్నదాత సుఖీభవ. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి దగ్గర తూర్పు వీరాయపాలెంలో మొదలైంది. పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 20 వేలు. కౌలు రైతులకూ ఇస్తామన్నారు, సంతోషం. ప్రభుత్వాలు మారినా, డబ్బు పెరిగినా, కౌలు రైతుకు గుమ్మం మాత్రం ఒకటే. కౌలు కార్డు ఉండాలి.

ఆ కార్డు 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇస్తారు. దానికి ఓనరు సంతకం కావాలి. ఒప్పందం 11 నెలలకే. భూమి మీద ఓనరు హక్కుకు ఏ ఇబ్బందీ రాదని చట్టంలోనే రాసి ఉంది. అయినా సంతకం పెట్టరు. మా పెద్దాయన్ను మూడుసార్లు అడిగాను. "నిన్ను నమ్ముతా అబ్బయ్యా. కానీ హైదరాబాదులో ఉండే నా పిల్లకాయలు నమ్మరు. కాగితం మీద సంతకం అంటే వాళ్ళకు బెదురు" అన్నాడు. ఆ బెదురు ఇవాళ్టిది కాదు. 1956 కౌలుదారీ చట్టం నాటి నుంచి పెద్దల నోట విన్న మాట అది, కౌలుదారుడి పేరు కాగితం మీదికెక్కితే భూమి పోతుందని. దానికి తోడు అదే పొలం మీద ఓనరు బ్యాంకులో పంట రుణం తీసుకుని ఉంటాడు. కౌలు రైతు కార్డు పట్టుకుని పోతే ఆ లెక్క బయటపడుతుందని ఇంకో భయం.

ఇక్కడ ఒక విషయం గుర్తు చెయ్యాలి. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారుల చట్టం ఒకటి వచ్చింది. రుణ అర్హత కార్డులని ఇచ్చారు. వాటికి ఓనరు సంతకం అక్కర్లేదు. ఊళ్ళో విచారించి, ఎవరు సాగు చేస్తున్నారో చూసి ఇచ్చేవాళ్ళు. ఆ కార్డుతో బ్యాంకులో అప్పు పుట్టించుకోవడం కష్టంగానే ఉండేది, అది వేరే కథ. కానీ సంతకం లేకుండా కౌలు రైతును గుర్తించలేం అని ఎవరైనా అంటే, ఒకప్పుడు గుర్తించారని చెప్పండి.

కార్డు లేకపోతే ఈ-పంటలో కూడా ఓనరు పేరే పడుతుంది. 2021 నవంబరులో పెన్నా ఎట్లా పొంగిందో మన జిల్లా వాళ్ళు మర్చిపోలేదు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన వరద అది. నా నారు కయ్యలు మొత్తం మునిగిపోయాయి. గెనాలు తెగి, ఒక పక్క ఇసుక మేట వేసింది. మళ్ళీ విత్తనం కొని, మళ్ళీ నారు పోసి, గెనాలు కట్టింది నేను. నష్టపరిహారం పడింది ఓనరు ఖాతాలో. మా పెద్దాయన మంచివాడు, సగం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మంచి ఓనరు దొరికితే సగం వస్తుంది, దొరక్కపోతే ఏమీ రాదు. చట్టం చెయ్యాల్సిన పని మనిషి మంచితనానికి వదిలేశామన్నమాట.

నాలుగో ఏడాది పెద్దాయనకు ఒంట్లో బాగాలేక కొడుకు వచ్చి చూసుకోవడం మొదలుపెట్టాడు. రొయ్యల వాళ్ళు ఎకరాకు నేనిచ్చేదానికి రెండింతలకు పైగా ఇస్తామన్నారు. అతన్ని నేను తప్పుపట్టను. నాకు కార్డు లేదు, కాగితం లేదు. ఉన్నా 11 నెలల కాగితమే. నాలుగేళ్ళు పట్టింది ఆ మట్టికి ప్రాణం రావడానికి, నాలుగు రోజుల్లో పొక్లెయిన్ పెట్టి గట్లు పోశారు. ఇప్పుడు ఆ గుంట ఉప్పునీళ్ళు మా నాయన ఎకరాలోకి ఊరకుండా మధ్యలో కాలవ తవ్వుకుంటున్నాను.

నేను చెప్పదలుచుకున్న మాట ఇదే. మన రాష్ట్రంలో సాయం పాసుపుస్తకాన్ని చూసి పోతోంది, పొలంలో దిగిన మనిషిని చూసి కాదు. రసాయన సేద్యం చేసే కౌలు రైతుకు దీనివల్ల డబ్బు నష్టం. ప్రకృతి సేద్యం చేసే కొత్త రైతుకు డబ్బుతో పాటు, వాడు తయారుచేసిన మట్టి కూడా నష్టం. మూడేళ్ళు పట్టే పనిని 11 నెలల కాగితం మీద ఎవడు చేస్తాడు?

మనవాళ్ళలో కొందరు నాతో ఒప్పుకోరని తెలుసు. "ప్రకృతి సేద్యం అంటేనే ఎవరి మీదా ఆధారపడకుండా చేసేది. ఆవు ఉంది, ఆకులున్నాయి, మనకు సబ్సిడీ ఎందుకు?" అంటారు. పాలేకర్ గారి శిబిరాలకు పోయి వచ్చినవాళ్ళు ఈ మాట గట్టిగా అంటారు. వాళ్ళ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒకసారి యూరియా కట్ట సంగతి చూడండి. 45 కిలోల కట్ట రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంది. దాని అసలు ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ, మిగతాది ప్రభుత్వం కంపెనీలకు కడుతుంది. ఆ కట్ట కొనేటప్పుడు మామూలుగా ఆధార్, వేలిముద్ర చాలు. నీ భూమి 2019 ఫిబ్రవరి 1కి ముందుదా అని అడగరు. పోయిన ఏడాది పన్ను కట్టావా అని అడగరు. ఓనరు సంతకం అసలే అడగరు. అంటే మట్టిని యూరియాతో నడిపేవాడు కౌలు రైతైనా, కొత్త రైతైనా సాయం అందుతోంది. ఆ కట్ట వద్దనుకున్నవాడు మాత్రం పాసుపుస్తకం చూపించాలి. మనం సబ్సిడీ వద్దంటే సబ్సిడీ ఆగదు, యూరియా వైపే పోతుంది.

మరి మిగతా దేశాల్లో ఎట్లా చేస్తున్నారు? యూరప్‌లో యువ రైతు అంటే 40 ఏళ్ళ లోపువాడు, మొదటిసారి సొంతంగా సేద్యం నడిపేవాడు. మొదలుపెట్టిన తొలి ఐదేళ్ళలో వాడికి అదనపు సాయం ఇస్తారు. 2023 నుంచి 2027 దాకా, నేరుగా రైతులకిచ్చే నిధుల్లో కనీసం 3 శాతానికి సమానమైన మొత్తం కొత్త తరం కోసం కేటాయించాలని నియమం పెట్టుకున్నారు. జపాన్‌లో ఊళ్ళు ముసలివైపోతున్నాయని 2012 నుంచి కొత్త రైతులకు ఏడాదికి 15 లక్షల యెన్‌ల వరకు ఇవ్వడం మొదలుపెట్టారు. శిక్షణ కోసం డబ్బు తీసుకుని సేద్యంలోకి రాకపోతే తిరిగి కట్టాలి. అమెరికాలో వయసే చూడరు, సేద్యం మొదలుపెట్టి పదేళ్ళు దాటకపోతే కొత్త రైతు కిందే లెక్క. వీటిలో కౌలు భూమి అయినంత మాత్రాన రైతు కాదు పొమ్మనడం లేదు.

ఆ దేశాలతో మనకు పోలికేంది అంటారేమో. అయితే మన సొంత కాగితమే చూడండి. స్వామినాథన్ గారి అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతుల కమిషన్ సిఫార్సుల తర్వాత 2007లో కేంద్రం జాతీయ రైతు విధానం తెచ్చింది. అందులో రైతు అంటే ఎవరో రాశారు. భూమి ఉన్నవాళ్ళే కాదు, కౌలుదార్లు, పాలికి చేసేవాళ్ళు, వ్యవసాయ కూలీలు, పశువుల కాపరులు, చేపలు పట్టేవాళ్ళు, తేనెటీగలు పెంచేవాళ్ళు అందరూ రైతులే అన్నారు. యువతను సేద్యంలో నిలబెట్టాలని కూడా అందులోనే ఉంది. కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. 2007లో ఒప్పుకున్న మాట 2019 నిబంధనలో కనపడలేదు, అంతే.

నా మట్టుకు నేను అడిగేవి మూడే.

ఒకటి. తండ్రో తల్లో బతికుండగా బిడ్డకు రాసిచ్చిన భూమిని, బిడ్డ సాగు చేస్తున్నట్టు ఈ-పంటలో రెండు పంటలు నమోదైతే, లెక్కలోకి తీసుకోవాలి. దొంగ పంపకాలకు అదే అడ్డు. చెన్నైలో కూర్చున్న కొడుకు పేరున రెండు కార్లు వరసగా పంట నమోదు కాదు కదా, పొలంలో ఫోటో తియ్యాలి, వేలిముద్ర వెయ్యాలి.

రెండు. ప్రకృతి సేద్యం చేసే కౌలు రైతుకు మూడేళ్ళ కార్డు ఇవ్వాలి. ఓనరు సంతకం పెట్టకపోతే ఊళ్ళో విచారించి ఇచ్చే 2011 నాటి దారి మళ్ళీ తెరవాలి. ఓనరు భయం తీర్చడానికి, ఈ కార్డు వల్ల భూమి హక్కు రాదని పెద్ద అక్షరాలతో కార్డు మీదే అచ్చు వేయండి.

మూడు. కొత్త రైతుకు మొదటి మూడేళ్ళు దిగుబడి తగ్గే మేరకు సాయం ఉండాలి. ఎకరాకు పుట్టి ధాన్యం విలువ చాలు. 2024-25 మద్దతు ధర 2300 ప్రకారం అది 19,550 రూపాయలు. అన్నదాత సుఖీభవలో ఒక కుటుంబానికి ఏడాదికిచ్చేది కూడా దాదాపు అంతే. రెండెకరాలకో, మూడెకరాలకో హద్దు పెట్టండి, నాలుగో ఏడాది ఆపెయ్యండి. వయసు హద్దు మాత్రం వద్దు. మా వీధిలో ఒక అక్క ఉంది, 46 ఏళ్ళు. భర్త పోయాక సొంతంగా సేద్యం మొదలుపెట్టింది. మహిళా సంఘంలో నేర్చుకుని నవధాన్యాలు చల్లి, కషాయాలు కాసి చేస్తోంది. పాసుపుస్తకం ఇంకా మామగారి పేరునే ఉంది. ఆమెను యువ రైతు కాదంటే కాదేమో, కొత్త రైతు కాదని ఎట్లా అంటారు?

2016లో మొదలైన మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ప్రపంచం మెచ్చుకుంది, గర్వంగానే ఉంది. ఆ పేరు నిలబడాలంటే మన తర్వాత చేసేవాళ్ళు ఉండాలి కదా.

ప్రభుత్వం మారేదాకా ఆగకుండా మనం చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. కౌలుకు చేసేవాళ్ళు పంట వెయ్యకముందే కార్డు కోసం గ్రామ సచివాలయంలో అడగండి. కోతలప్పుడు అడిగితే ఏ ఓనరూ సంతకం పెట్టడు. కార్డు రాకపోయినా ఈ-పంట నమోదప్పుడు పొలంలో మీరే నిలబడండి, ఎవరి పేరు పడిందో అక్కడే చూసుకోండి. తప్పుంటే అప్పుడే చెప్పండి. మట్టి పరీక్ష మొదటి ఏడాదే చేయించి కాగితం దాచుకోండి, మీరు ఆ నేలకు ఏం చేశారో చూపించడానికి మీ దగ్గరుండే సాక్ష్యం అదొక్కటే. నేను ఇవి చెయ్యలేదు, అందుకే చెప్తున్నా.

చివరిగా ఇంకో మాట. ఇది చదివేవాళ్ళలో కౌలుకు చేసేవాళ్ళే కాదు, కౌలుకు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. రెండెకరాలు ప్రకృతి సేద్యంలో పెట్టి, మిగతా పదెకరాలు వేరేవాళ్ళకిచ్చి, కార్డు మీద సంతకం పెట్టనివాళ్ళు నాకు తెలిసే ఉన్నారు. వానపాముల గురించి బాగా మాట్లాడతారు. వాళ్ళను ఒకటే అడుగుతున్నా. ఈ కారుకు ఒక్క సంతకం పెట్టి చూడండి. మీ భూమి ఎక్కడికీ పోదు. పొలంలో దిగిన పిల్లకాయ కూడా ఎక్కడికీ పోకుండా ఉంటాడు.

మా నాయన ఎకరా, నా ఎకరాలో ఈ కారు కూడా పిల్లిపెసర చల్లాను. కాలవకు ఈ పక్కన మొలక బాగుంది. ఉప్పు ఊరుతున్న గెనెం వెంబడి మాత్రం నాలుగు బారల మేర పలచగా వచ్చింది. వచ్చే వీడియోలో దాని సంగతి చూపిస్తాను. ఉప్పు నేలలో అనుభవం ఉన్నవాళ్ళు ఏం వెయ్యాలో చెప్పండి.

ఉంటాను. నమస్కారం.